కూలెంట్ డబ్బాలో వెన్న

మెకానిక్ అమ్మాయి పానా బానెట్ ఎత్తింది. కూలెంట్ డబ్బా మూత తిప్పి లోపలికి చూసింది. చూసి, గబుక్కున మూత పెట్టేసింది. కాసేపు గోడకేసి చూసి, ధైర్యం కూడగట్టుకుని మళ్ళీ తిప్పింది.

ఏమీ మారలేదు. ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళు ఆకుపచ్చగా, పలచగా ఉండాల్సిన చోట లేత పసుపు రంగు ముద్ద తేలుతోంది. ఎవరో ఓపిగ్గా కూర్చుని చిలికినట్టు, అచ్చం వెన్న.

"మాస్టారూ, బండి ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"ఎలా ఉంది?" అన్నాడు డ్రైవింగ్ మాస్టారు షెడ్డు గుమ్మంలోంచే. "పొద్దున కాస్త వేడెక్కింది. ఎండలు కదా, బండి మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది అనుకున్నా. ఎలాగూ నాలుగింటికి నీ టెస్టు ఉంది, ఓసారి నీకే చూపిద్దామని తెచ్చా."

టెస్టు అన్న మాట వినగానే పానా గోడ గడియారం వైపు చూసింది.

పానా పెరిగిందే ఈ షెడ్డులో. పాకే వయసులో గిలక్కాయ ఇస్తే విసిరికొట్టి, పక్కనున్న నట్లు బిగించే పానా పట్టుకుని నిద్రపోయిందట. ఆ రోజు నుంచి అదే పేరు ఖాయమైపోయింది. ఇప్పుడెవరైనా అసలు పేరుతో పిలిస్తే, ఎవర్నబ్బా అని తనే వెనక్కి తిరిగి చూస్తుంది. బాబాయి దగ్గర పని నేర్చుకుంది. కారు, వ్యాను, లారీ ఏదొచ్చినా రొద విని రోగం చెబుతుంది. ఒక్కటే లోటు. బాగుచేసిన బండిని షెడ్డు గేటు దాటించలేదు. లైసెన్సు లేదు.

నడపడం రాక కాదు. స్టీరింగు ముందు కూర్చుంటే చాలు, చెవులూ ముక్కూ ఇంజిన్లోకి వెళ్ళిపోతాయి. మొదటిసారి టెస్టులో "సార్, ఎడమ చక్రం బేరింగు అరుస్తోంది, వినపడిందా?" అని అడుగుతూ అడుగుతూ ఆగాల్సిన గీత దాటేసింది. ఆ తర్వాతిసారి వంతెన ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించమంటే, క్లచ్ ప్లేటు మాడుతోందేమోనని వాసన పీల్చుకుంటూ ఉండగా బండి తీరిగ్గా వెనక్కి జారింది. ఇన్‌స్పెక్టర్ కాగితం మీద గీత కొట్టి, "నువ్వు డ్రైవరువి కావమ్మా, డాక్టరువి. పేషెంటు పక్కన కూర్చో, పైన కూర్చోకు" అన్నాడు.

ఇన్నాళ్ళూ అదో నవ్వుల వ్యవహారంగా నడిచిపోయింది. ఇప్పుడు అలా కాదు. హైవే మీద ఆగిపోయిన బండ్ల దగ్గరికి మరమ్మతు వ్యాను పంపే పని బాబాయికి దొరికింది. రేపటి నుంచే మొదలు. వ్యానులో ఒక్కరే వెళ్ళాలి, వాళ్ళే నడపాలి, వాళ్ళే బాగుచెయ్యాలి. బాబాయి తేల్చి చెప్పేశాడు. "నీకు ఈ రోజు లైసెన్సు వస్తే వ్యాను నీది. రాకపోతే పొడుగోడిది." పొడుగోడు పక్క వీధి డ్రైవరు. స్టీరింగు పట్టుకుంటే వేలెత్తి చూపించలేం. బానెట్ ఎత్తితే మాత్రం, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు చిన్నపిల్లలు తలుపు చాటు నుంచి తొంగిచూసినట్టు చూస్తాడు. వ్యాను వాడి చేతికి వెళ్ళిందంటే మళ్ళీ తిరిగి రాదని పానాకి తెలుసు. టెస్టు అర్జీలో రాసిన బండి మాస్టారిదే. వేరే బండి తెస్తే ఇన్‌స్పెక్టర్ గేటులోనే ఆపేస్తాడు.

బాబాయి టీ గ్లాసుతో వచ్చి, పానా భుజం మీదుగా డబ్బాలోకి తొంగిచూశాడు.

"హెడ్ గ్యాస్కెట్," అన్నాడు టీ చప్పరిస్తూ. ఇంజిన్ తలకీ ఒంటికీ మధ్యన ఉండే పలచటి రేకు అది. చిట్లిందంటే ఇటు ఆయిలూ అటు నీళ్ళూ కలిసిపోయి ఇలాంటి ముద్దే తయారవుతుంది. "తల విప్పాలి. వారం పని. మాస్టారూ, కూర్చోండి, టీ తాగుతారా?"

"వారమా!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

"నా మీద అరిస్తే గ్యాస్కెట్ అతుక్కుంటుందా?"

"ఆగు బాబాయ్," అంది పానా. "చూడకుండానే తల విప్పడమేంటి?"

"చూసే చెప్పా."

"చూసింది నువ్వు కాదు, నీ అలవాటు."

"అబ్బో, పొద్దున్నే మొదలెట్టావూ?" అని బాబాయి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సినిమా హాల్లో సీటు దొరికినట్టు సర్దుకున్నాడు కూడా. పానా చేస్తున్న పనిని పక్కన కూర్చుని చూడటం ఆయనకి చాలా ఇష్టం. ఆ సంగతి చచ్చినా ఒప్పుకోడు.

పానా ముందు డిప్‌స్టిక్ లాగింది. ఇంజిన్ ఆయిల్ ఎంతుందో చూపించే సన్నటి ఇనప పుల్ల అది. గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసింది. ఆయిల్ గీత దాకా ఉంది, బొగ్గులా నల్లగా ఉంది. తగ్గలేదు, తెల్లబడలేదు. ఆయిల్ పోసే మూత తీసి కింది వైపు వేలితో గీకింది. నీళ్ళు ఇంజిన్లోకి దిగి ఉంటే అక్కడ మీగడ కట్టాలి. శుభ్రంగా ఉంది.

ఇంజిన్ చల్లారాక రేడియేటర్ మూత విప్పింది. లోపల నీళ్ళ మీద పలచటి జిడ్డు పొర, అంచుల్లో అక్కడక్కడా వెన్న. అంటే ముద్ద డబ్బాలోనే ఆగలేదు, కొంత లోపలికీ వెళ్ళింది. పానా పళ్ళు బిగించింది. అలమారలోంచి గాజు గొట్టం తీసి, అందులో నీలం రంగు ద్రవం పోసి, రేడియేటర్ నోటికి బిగించింది. పైనున్న రబ్బరు బంతి నొక్కి వదులుతూ, బాబాయిని ఇంజిన్ స్టార్ట్ చెయ్యమంది. గ్యాస్కెట్ చిట్లి ఉంటే ఇంజిన్లో కాలిన పొగ నీళ్ళలోకి వస్తుంది, నీలం కాస్తా పసుపవుతుంది.

ముగ్గురూ ఆ గొట్టం వైపే చూస్తూ నిలబడ్డారు. నీలం నీలంగానే ఉంది. ఎంత నొక్కినా నీలమే.

"నీ మందు పాతబడిందేమో," అన్నాడు బాబాయి.

పానా ఆ గొట్టాన్ని పక్కనే గుడగుడలాడుతున్న ఓ వ్యాను పొగగొట్టం దగ్గర పెట్టి బంతి నొక్కింది. రెండు నొక్కులకే ద్రవం పసుపు రంగుకి తిరిగింది.

"సరేలే, పాతబడలేదు," అన్నాడు బాబాయి.

ఇప్పుడు ముద్ద సంగతి. పానా పుల్లతో కాస్త తీసి పాత న్యూస్‌పేపరు మీద రాసి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. కాగితం మీద మచ్చ అద్దంలా మెరిసింది. అవతలి వైపు అక్షరాలు కనిపిస్తున్నాయి. రెండు రకాల కూలెంట్లు కలిపితే కట్టే జిగురైతే ఇలా కనిపించదు. ఇది ఆయిలే. సందేహం లేదు.

"మరి నేను చెప్పిందీ అదేగా!" అన్నాడు బాబాయి.

"రంగు చూడు బాబాయ్. ఇది డీజిల్ బండి. ఇంజిన్లో ఉన్న ఆయిలు నల్లగా ఉంది. అది కారి ఉంటే ఈ ముద్ద బూడిద రంగులోనో మట్టి రంగులోనో ఉండాలి. ఇదేమో లేత పసుపుగా, పాలమీగడలా ఉంది. ఈ ఆయిల్ ఇంజిన్ ముఖమే చూడలేదు. క్యాన్లోంచి నేరుగా వచ్చింది." పానా మాస్టారి వైపు తిరిగింది. "మీ డబ్బాలో ఎవరో కొత్త ఇంజిన్ ఆయిల్ పోశారు మాస్టారూ."

బాబాయి టీ గ్లాసు కింద పెట్టాడు. మాస్టారి ముఖం ఎర్రబడింది.

"ఆ దర్జీ మనిషి!" అన్నాడు. "డ్రైవింగ్ నేర్చుకోడానికి నిన్ననే చేరింది. మొదటి పాఠం నిన్ననే అయింది. నేనటు తిరగ్గానే ఏ క్యానో ఒంపేసి ఉంటుంది."

మాస్టారి మొదటి పాఠం సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. స్టీరింగు తర్వాత, ముందు బానెట్. డిక్కీలో ఒకేలాంటి తెల్ల క్యాన్లు వరసగా పెట్టుకుంటాడు. ఒకదాంట్లో కూలెంట్, ఒకదాంట్లో ఇంజిన్ ఆయిల్, ఒకదాంట్లో అద్దాలు కడిగే సబ్బు నీళ్ళు, ఒకదాంట్లో బ్రేక్ ఆయిల్. ఏ క్యాన్ మీదా పేరుండదు. "పేరు చదివి పోసేవాడు డ్రైవరెలా అవుతాడు? ముక్కుతో పట్టుకోవాలి!" అని ఒక్కొక్క క్యాన్ మూత తీసి వాసన చూపిస్తాడు. పానాకి ఆ పాఠం నల్లేరు మీద బండి నడక. మిగతా వాళ్ళకి తుమ్ములు.

"ఎంత పోసిందో అడగాలి," అంది పానా గబగబా చేతులు తుడుచుకుంటూ. "గ్లాసుడైతే ఈ పూటకి కడిగేయొచ్చు. లీటరు పోసి ఉంటే మాత్రం రేడియేటర్ సన్న గొట్టాలన్నీ పూడుకుపోయి ఉంటాయి. ఈరోజు బండి కదపకూడదు."

"కదిపితే?"

"ఇంజిన్ పట్టేస్తుంది. అప్పుడు నాకు లైసెన్సూ ఉండదు, మీకు బండీ ఉండదు."

దర్జీ కొట్టు షెడ్డుకి ఎదురుగానే ఉంది. ఆవిడ మెడలో టేపు వేసుకుని మిషను తొక్కుతోంది. నోట్లో గుండుసూదులు. పానా విషయం చెప్పగానే సూదులన్నీ తీసి దిండుకి గుచ్చింది. తీరిగ్గా తిట్టాలంటే నోరు ఖాళీగా ఉండాలి కదా.

"నేను పోశానన్నాడా? నేనా? నా చేత ఓ చుక్క కూడా పోయనివ్వలేదే ఆ మహానుభావుడు! 'మొదటిసారి నేను పోస్తా, నువ్వు చూడమ్మా' అని తనే మూత తీశాడు, తనే పోశాడు."

"మాస్టారే పోశారా? బాగా గుర్తుందా అక్కా?"

"గుర్తుండకేం? నేను చెప్పాను కూడా. మాస్టారూ, దీంట్లో నా మిషను ఆయిల్ వాసన వస్తోందేంటి అన్నా. ఏమన్నాడో తెలుసా? 'నువ్వు కుట్టేదానివి, నీకు ప్రపంచమంతా మిషను వాసనే వస్తుంది' అన్నాడు. ఊరుకున్నా. చదువు చెప్పేవాడితో మనకెందుకు."

"ఎంత పోశారు?"

"అది చూళ్ళేదే పానా. అప్పుడే ఎవరో జాకెట్టు బిగుతైందని ఫోను చేశారు." ఆవిడ సూదుల దిండు వైపు చూసింది. "వెళ్ళి ఆయనకి చెప్పు. నా మీద నింద వేస్తే నా దగ్గర కుట్టించుకున్న ప్యాంట్లన్నీ నడుం దగ్గర బిగిస్తా."

పానా రోడ్డు దాటుతూ ఆలోచించింది. మాస్టారు అబద్ధం ఆడే మనిషి కాదు. మరి కూలెంటుకీ ఆయిలుకీ తేడా తెలియకపోవడమేంటి? ఆ మనిషి, బండి వీధి మలుపులో ఉండగానే క్లచ్ వాసన పట్టే మనిషి! అంతలో ఓ సంగతి తట్టి, రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది. ఆటోవాడు హారను కొట్టి, "నిద్రపోవాలంటే ఇంటికెళ్ళమ్మా!" అని తిట్టి పోయాడు.

షెడ్డులోకి వచ్చి, "బాబాయ్, పెద్ద గిన్నెడు నీళ్ళు కాచిపెట్టవా? మరిగేదాకా దగ్గరే ఉండు," అంది.

"నీళ్ళు మరగడానికి నేను దగ్గరుండాలా?"

"ఉండు బాబాయ్."

ఆ గొంతు విని బాబాయి వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. పానా డిక్కీ తెరిచి ఓ క్యాన్ తీసి, మూత విప్పి, మాస్టారి ముక్కు దగ్గర పెట్టింది.

"ఇదేంటి మాస్టారూ?"

"నాకా పరీక్ష?" అని నవ్వాడాయన. కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాడు. "కూలెంట్. నా దగ్గరా నీ ఆటలు?"

పానా క్యాన్ వంచి అరచేతిలో కాస్త పోసుకుని ఆయనకి చూపించింది. తేనె రంగులో, చిక్కగా, వేళ్ళ మధ్య నుంచి సాగుతూ జారింది.

మాస్టారు ఆ చెయ్యి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఇంకో క్యాన్ తనే తీసి వాసన చూశాడు. ఇంకోటి. ఇంకోటి. ఆఖరి క్యాన్ చేతిలో అలాగే ఉండగా ఓ పాత టైరు మీద కూలబడ్డాడు.

"అన్నీ ఒకేలా ఉన్నాయి అమ్మాయ్," అన్నాడు. "ఏమీ రావట్లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొన్నామధ్య జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ అనుకుంటా. ఇంట్లో ఆవిడ అంటూనే ఉంది, స్టవ్ మీద పాలు మాడి ఇల్లంతా పొగైనా పేపరు చదువుతూ కూర్చున్నారని. నేనే ఒప్పుకోలేదు. ఏ క్యాన్ ఎటు పక్కనుందో గుర్తుపెట్టుకుని నెట్టుకొస్తున్నా. మొన్న డిక్కీ కడిగించా. అప్పుడు అటూ ఇటూ అయి ఉంటాయి." గొంతు తగ్గించాడు. "ముక్కు మీద బతికినవాణ్ణి. ముక్కు పోయిందని ఎవరికి చెప్పుకోను? మొహం చూసి నవ్వరూ?"

పానాకి ఆయన్ని ఓదార్చాలనిపించింది. గడియారం వైపు చూస్తే ఓదార్పుకి టైము లేదు.

"ముక్కు సంగతి డాక్టరు చూస్తాడు, జ్వరం తర్వాత ఇలా పోయి మళ్ళీ వచ్చినవాళ్ళు ఉన్నారు. నా సంగతి మీరు చూడాలి. ఎంత పోశారు మాస్టారూ? నిజం చెప్పండి, తక్కువ చేసి చెప్పకండి."

"గీత దాకా నింపానంతే. చిన్న టీ గ్లాసుడు. దానికి మించి లేదు, ఒట్టు."

పానా ఊపిరి వదిలింది. "అయితే లేవండి. చొక్కా విప్పి పక్కన పెట్టండి. తడుస్తుంది."

ఆ తర్వాత షెడ్డు చాకిరేవైపోయింది. కూలెంట్ డబ్బా ఊడదీసి సబ్బూ వేడినీళ్ళతో మాస్టారే గిలకొట్టి కడిగాడు. బాబాయి కింద దూరి అడుగు పైపు ఊడదీస్తే, ఆకుపచ్చ నీళ్ళు వెన్న పెళ్ళలతో సహా బకెట్లోకి దూకాయి. జిడ్డు విరిచే మందు వేడినీళ్ళలో కలిపి పోయడం, ఇంజిన్ తిప్పడం, వదిలెయ్యడం, మళ్ళీ పోయడం. మొదటిసారి వచ్చిన నీళ్ళు పాలలా ఉన్నాయి. తర్వాత బియ్యం కడిగినట్టు. ఆ తర్వాత ఫరవాలేదు. పానా ప్రతిసారీ బకెట్ మీద వంగి, వేళ్ళ మధ్య నీళ్ళు రుద్ది చూస్తోంది. జారుడు తగ్గుతోంది. పూర్తిగా పోలేదు.

"ఇంతకీ ఆ దర్జీ ఏమంది?" అని బాబాయి బండి కింద నుంచి అరిచాడు. "ఎంత పోసిందట?"

పానా నోరు తెరిచేలోగా మాస్టారు డబ్బా పట్టుకుని వంగి, బాబాయికి కనపడేలా కూర్చున్నాడు. "ఆవిడ కాదయ్యా. నేనే పోశా. నాకు వాసన తెలియట్లేదు. ఆవిడకి ఫోను చేసి చెప్తా."

"నాకూ దగ్గరి చూపు ఆనట్లేదులెండి," అంది బాబాయి గొంతు. "రేకు చిట్లిందని చెప్పలా? ఆ పైపు ఇటందించండి."

కొత్త కూలెంట్ పోసి, గాలి బుడగలు పోయేదాకా తిప్పి, మూతలు బిగించారు. సన్న గొట్టాల్లో ఇంకా కొంత జిడ్డు అంటుకునే ఉంటుంది, దానికి ఇంకో రోజు పని పడుతుంది. పానాకి తెలుసు. సాయంత్రం దాకా ఓపిక పడితే చాలు, అనుకుంది బండి ముక్కు నిమురుతూ.

ఇన్‌స్పెక్టర్ పక్క సీట్లో కూర్చుంటూనే గుర్తుపట్టాడు.

"ఓ, డాక్టరుగారా! ఈరోజు ఎవరికి బేరింగు పోయింది?"

"ఎవరికీ లేదు సార్. నాకేమీ వినపడట్లేదు."

"మంచిది. పోనియ్."

పానా పోనిచ్చింది. అద్దం చూసింది, ఇండికేటర్ వేసింది, రోడ్డెక్కింది. చెవులు మూసుకున్నట్టే నడిపింది. పక్కన ఓ లారీ ఇంజెక్టరు టకటకలాడుతూ పోయింది. విననట్టే ఊరుకుంది. అది ఆమె జీవితంలోకెల్లా కష్టమైన పని. గీత దగ్గర ఆగింది. సందులోకి వెనక్కి తిప్పింది. ఇన్‌స్పెక్టర్ కలం కాగితం మీద కదులుతూనే ఉంది. గీత కొట్టిన చప్పుడు మాత్రం రాలేదు.

వంతెన వైపు తిరగగానే ఇంజిన్ వేడి చూపించే ముల్లు కదిలింది.

పానా చూడకూడదనుకుంది. చూసింది. ముల్లు నడిమి గీత దాటి, మెల్లగా, సిగ్గులేకుండా ఎర్ర గీత వైపు లేస్తోంది. అంటే జిడ్డు ఇంకా ఎక్కడో దారికి అడ్డం పడుతోంది. ముందు ఎత్తు. ఎత్తు ఎక్కితే ఇంజిన్ ఇంకా కాగుతుంది. ఆగితే ఏమవుతుంది? చెప్పకుండా ఆగిన వాళ్ళని ఈ మనిషి ఊరుకోడు. ఆగకపోతే, టైరు మీద కూలబడిన మాస్టారి ముఖం.

చెయ్యి దానంతటదే వెళ్ళి హీటరు మీట ఆ చివరికి తిప్పింది. ఫ్యాను నాలుగో నంబరు. ఇంజిన్ వేడి నీళ్ళు హీటరులోని చిన్న రేడియేటర్‌లోంచి తిరుగుతాయి. ఆ వేడి లోపలున్న మనుషులకి పోతే, ఇంజిన్‌కి అంత భారం తగ్గుతుంది.

బుస్సుమని వేడి గాలి ఇన్‌స్పెక్టర్ ముఖాన కొట్టింది.

"ఏంటిది? ఈ ఎండలో హీటరా!"

"హీటరు వేస్తే ఫెయిలని రూలుందా సార్?"

"రూలు లేదు. బుద్ధి ఉండాలి!" ఆయన అద్దం దించాడు. అప్పుడే పక్కన పోతున్న లారీ పొగంతా ఆయన ఒళ్ళోకి వచ్చింది. దగ్గుతూ అద్దం ఎక్కించాడు. చొక్కా పైగుండీ విప్పాడు. చేతిలో కాగితం విసనకర్రయింది.

ముల్లు ఆగింది. వంతెన సగం ఎక్కేసరికి మళ్ళీ లేచింది. ఎర్ర గీత అంచుకి ఇక వెంట్రుకవాసి.

పోతే పోయింది, అనుకుంది పానా. వ్యాను పొడుగోడిదే అనుకుందాం. ముసలాయన బండి నా చేతిలో చావకూడదు.

అద్దం చూసింది. వెనక ఓ స్కూటరు. ఎడమ ఇండికేటర్ వేసి, స్కూటరుని ముందుకి పోనిచ్చి, రోడ్డు అంచుకి చేర్చి మెత్తగా ఆపింది. హ్యాండ్‌బ్రేక్ లాగింది. గేరు తీసింది. ఇంజిన్‌ని మాత్రం ఆపలేదు. భారం లేకుండా తిరగనిచ్చింది. ముందున్న ఫ్యాను గిర్రున తిరుగుతోంది, హీటరు బుస్సుమంటోంది. ఇద్దరి ముఖాల మీదా చెమట ధార కడుతోంది.

"ఆగమని నేను చెప్పానా?"

"లేదు సార్. ఇంజిన్ మితిమీరి వేడెక్కుతోంది. ఇంకాస్త ఎక్కితే పట్టేస్తుంది. నిన్న రేడియేటర్‌లో ఆయిల్ పడింది, కడిగాం, ఇంకా కొంచెం మిగిలిపోయినట్టుంది. ఫెయిలైతే ఫెయిలు. బండి మాత్రం చంపలేను."

ఇన్‌స్పెక్టర్ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. పిండితే గ్లాసుడు నీళ్ళు వచ్చేలా ఉంది. ఇద్దరూ ముల్లునే చూస్తూ కూర్చున్నారు. అది కదల్లేదు, కదల్లేదు, ఆ తర్వాత బద్ధకంగా ఒక్క గీత దిగింది. ఇంకో గీత. నడిమికి వచ్చింది.

"ఇప్పుడు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇప్పుడు పోవచ్చు సార్."

"అయితే పో."

అప్పుడు చూసుకుంది పానా, తను ఎక్కడ ఆపిందో. వంతెన ఎత్తు మీద, సరిగ్గా నడుం మధ్యన. కిందటిసారి బండి వెనక్కి జారిన చోటే. వెనక ఈసారి ఓ బస్సు వచ్చి ఆగి ఉంది.

క్లచ్ తొక్కి గేరు వేసింది. వాసన గురించి ఆలోచించలేదు. చప్పుడు గురించి ఆలోచించలేదు. అద్దంలో బస్సు ముఖమంతా నిండి ఉంటే దాన్నే చూసింది. క్లచ్ వదులుతూ వదులుతూ బండి ముక్కు కాస్త లేచిన క్షణాన హ్యాండ్‌బ్రేక్ దించింది. బండి వెంట్రుకంత కూడా వెనక్కి పోలేదు. ముందుకి కదిలి, వంతెన ఎక్కి, అవతలి వైపు హాయిగా దిగింది.

యార్డులో ఆపగానే ఇన్‌స్పెక్టర్ తలుపు తోసుకుని బయటపడి, గాలి పీల్చుకున్నాడు. కాగితం బానెట్ మీద పెట్టబోయి, చురుక్కుమనేసరికి తీసి గోడకి ఆనించి రాశాడు.

"ఇన్నాళ్ళకి నువ్వు రోడ్డు వైపు చూశావు. అద్దం చూసి, వెనకవాణ్ణి పోనిచ్చి, అంచుకి తీసి, ఎత్తు మీద ఆపి, జారకుండా కదిలించావు. ఇవే కదా నేను అడిగేవి."

"అంటే... నేను ముల్లు చూసి ఆపాను సార్, మీ టెస్టు కోసం కాదు..."

"నోరు మూసుకుని ఇక్కడ సంతకం పెట్టు."

పానా నోరు మూసుకుని సంతకం పెట్టింది. అక్షరాలు గతుకుల రోడ్డు మీద రాసినట్టు వచ్చాయి. ఇన్‌స్పెక్టర్ కాగితం చేతిలో పెట్టి, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మొదటి రోజు అన్నావే, ఎడమ చక్రం బేరింగు... అది ఎలా అరుస్తుంది? నా కారులో కూడా ఏదో..."

"షెడ్డుకి తీసుకురండి సార్. ఇప్పుడు నేను డ్రైవర్ని."

గేటు బయట మాస్టారు ఎండలో నిలబడి ఉన్నాడు. కాగితం చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చూశాడు. డ్రైవరు సీటు వైపు వెళ్ళబోయి ఆగి, చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. కూర్చోగానే ఉలిక్కిపడ్డాడు.

"ఇదేంటమ్మాయ్, పొయ్యిలా ఉంది!"

"అదో పెద్ద కథ. దారిలో చెప్తా."

ఫోను మోగింది. బాబాయి. హలో కూడా అనలేదు. "వచ్చిందా లేదా? రేపు తెల్లారేసరికి హైవే మీద వ్యాను ఉండాలి. పొడుగోడు గుమ్మంలో నిలబడి తాళం అడుగుతున్నాడు, ఏం చెప్పమంటావ్?"

"నిలబడి నిలబడి కాళ్ళు నొప్పెడతాయి, ఇంటికెళ్ళమను," అంది పానా.

అవతల పెద్ద కేక వినిపించింది. ఆ తర్వాత బాబాయి ఎవరికో, బహుశా వీధి మొత్తానికి, ఏదో చెబుతున్నట్టు గోల. పానా ఫోను పెట్టేసి, అద్దం చూసి, ఇండికేటర్ వేసి, రోడ్డెక్కబోయింది. బండి కదిలినట్టే కదిలి ఆగిపోయింది. మళ్ళీ కదిలించింది. మళ్ళీ ఆగింది. ఇంజిన్ శుభ్రంగా తిరుగుతోంది, ముల్లు నడిమినే ఉంది. మరేంటి?

వంగి చూసింది. నేర్పే బండి కదా, పక్క సీటు కిందా ఓ బ్రేకు ఉంటుంది. మాస్టారు ముందుకు చూస్తూ, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, దాన్ని గట్టిగా తొక్కిపట్టి కూర్చున్నాడు.

"మాస్టారూ," అంది పానా, "కాలు తియ్యండి."